జాన్ లౌడన్ మెకాడం

జాన్ లౌడన్ మెకాడం (1756 సెప్టెంబరు - 1836 నవంబరు 26) స్కాట్లాండుకు చెందిన రోడ్డు నిర్మాత, రోడ్ల పరిపాలనా సంస్కర్త. చిన్నగా పగులగొట్టిన కంకరను పొరలుగా పరచి, రోడ్డు కింద నీరు నిలువకుండా చేసే నిర్మాణ పద్ధతి ఈయన పేరుతోనే మెకాడం పద్ధతిగా ప్రసిద్ధి చెందినది. సివిల్ ఇంజనీరింగు విద్యార్థులు నేటికీ చదివే వాటర్ బౌండ్ మెకాడం, వెట్ మిక్స్ మెకాడం, బిటుమినస్ మెకాడం అనే పేర్లన్నింటిలోను ఉన్నది ఈయన ఇంటి పేరే. తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలను కలిపే రోడ్లలో నల్లని తారు పొర కింద సాధారణంగా ఉండే కంకర పొరలు కూడా ఆ పద్ధతి నుండి పుట్టినవే.

మెకాడంను కంకర రోడ్డు కనిపెట్టినవాడుగా మాత్రమే చెప్పడం పరిపాటి. ఈయన చేసిన పనిలో అది సగం మాత్రమే. రోడ్డు వేయడానికి అయ్యే ఖర్చు, దానిని చూసుకునే ఉద్యోగి అర్హత, వసూలైన సుంకానికి లెక్క, ఏటేటా చేయవలసిన మరమ్మతు - ఇవన్నీ కలిస్తేనే రోడ్డు నిలుస్తుందని వాదించి, ఆచరణలో చూపినవాడు ఈయన. నేడు రోడ్ల ఆస్తి నిర్వహణ అని పిలువబడే శాస్త్రానికి తొలి రూపము ఈ పనిలో కనిపిస్తుంది.

బాల్యము

మెకాడం స్కాట్లాండులోని ఎయిర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ మెకాడం భూస్వామి. ఎయిర్‌లో బ్యాంకు వ్యాపారంలో కూడా పాల్గొన్నాడు. తల్లి సుసానా కోక్రేన్, డండొనాల్డ్ ప్రభువుల బంధువర్గానికి చెందినది. పది మంది సంతానంలో జాన్ చివరివాడు. ఇతని చిన్నతనంలోనే కుటుంబము నివసించే ఇల్లు అగ్నికి ఆహుతి అయినది. ఆస్తి కూడా క్రమంగా కరిగిపోయింది. మేబోల్ గ్రామంలోని పాఠశాలలో చదువుకున్నాడు. ఆ రోజులలోనే తమ ప్రాంతపు రోడ్డుకు ఒక నమూనా తయారు చేశాడని చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. గొప్పవారి బాల్యం గురించి తరువాత పుట్టే కథలను తీసుకునేంత మేరకే దీనిని కూడా తీసుకోవడం మంచిది.

అమెరికాలో వ్యాపారము

1770లో తండ్రి మరణించగా, పధ్నాలుగేళ్ల జాన్‌ను న్యూయార్కులో వర్తకుడుగా ఉన్న పినతండ్రి విలియం వద్దకు పంపించారు. అక్కడ వర్తకము నేర్చుకొని, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో బ్రిటిషు రాజు పక్షాన నిలిచాడు. యుద్ధంలో పట్టుబడిన ఓడలను, వాటిలోని సరకును అమ్మిపెట్టే ఏజెంటుగా బాగా సంపాదించాడు. 1778లో గ్లోరియానా మార్గరెట్టా నికోల్‌ను వివాహము చేసుకున్నాడు. యుద్ధంలో రాజు పక్షము ఓడిపోవడంతో ఆస్తిలో అధికభాగము పోగొట్టుకుని, 1783లో భార్యాపిల్లలతో స్వదేశానికి తిరిగి వచ్చాడు. మిగిలిన ధనముతో ఎయిర్‌షైర్‌లోని సాఖ్రీ అనే ఎస్టేటును కొనగలిగాడు. ఈయన ఇంజనీరింగు ఎక్కడా చదువలేదు. వర్తకుడుగా అలవడిన లెక్కల పరిజ్ఞానమే ముందుముందు రోడ్ల విషయంలో ఎక్కువగా ఉపకరించింది.

స్వదేశములో - తారు బట్టీలు

ఎయిర్‌షైర్‌లో స్థిరపడిన వెంటనే అక్కడి రోడ్ల ట్రస్టులో సభ్యుడయ్యాడు. ఆ కాలములోనే బంధువైన తొమ్మిదవ డండొనాల్డ్ ప్రభువు ఆర్చిబాల్డ్ కోక్రేన్ బొగ్గు నుండి తారు తీసే పద్ధతికి పేటెంటు పొంది కంపెనీ ప్రారంభించాడు. మ్యూర్‌కర్క్ వద్ద ఉన్న ఆ తారు బట్టీల వ్యాపారములో మెకాడం పాలుపంచుకున్నాడు. ఆ తారును చెక్క ఓడల అడుగుభాగానికి పూయడానికి ఉద్దేశించారు. అయితే ఓడలకు రాగి రేకులు తొడిగే పద్ధతి వ్యాపించడంతో ఆ తారుకు గిరాకీ లేకపోయింది. మెకాడం నష్టపోయాడు.

ఇక్కడ ఒక విచిత్రము ఉన్నది. చేతిలో తారు బట్టీ ఉన్నవాడు, రోడ్ల ట్రస్టులో సభ్యుడు, రోడ్ల మీదనే ధ్యాస ఉన్నవాడు - అయినా తారును కంకరతో కలపాలని ఈయనకు తోచలేదు. ఆ రెండూ కలవడము తరువాతి కాలములోనే జరిగింది. నేడు తారు రోడ్డును చూసి మెకాడం వేసిన రోడ్డు ఇలాగే ఉండేదని అనుకోరాదు. ఈయన వేసిన రోడ్డులో రాయి తప్ప మరేమీ లేదు.

1798లో నౌకాదళానికి ఆహార పదార్థాలు సమకూర్చే ఏజెంటుగా ఇంగ్లండు నైరుతి కొననున్న ఫాల్‌మౌత్ చేరాడు. కొంతకాలానికి బ్రిస్టల్ నగరానికి మారాడు. ఈ సంవత్సరాలలో రోడ్లు చూడడమే పనిగా పెట్టుకొని బ్రిటన్ అంతటా తిరిగాడు. ఈయన స్వయంగా చెప్పుకున్న లెక్క ప్రకారము, 1798 నుండి 1814 వరకు సుమారు 30,000 మైళ్లు ప్రయాణించి, సొంత డబ్బు దాదాపు 5,000 పౌండ్లు ఖర్చు పెట్టాడు.

ఆనాటి రోడ్ల స్థితి

ఇంగ్లండులో 1555 నాటి చట్టము ప్రకారము రోడ్డు బాగు చేసే బాధ్యత ఆయా గ్రామాలదే. గ్రామస్థులు సంవత్సరానికి నాలుగు రోజులు, ఆ తరువాత ఆరు రోజులు కూలి లేకుండా పని చేయాలి. మన ప్రాంతంలో వెట్టిచాకిరి అనే మాటకు ఉన్న భావమే ఇక్కడా వర్తిస్తుంది. పని జరిపించవలసిన గ్రామ సర్వేయరుకు జీతము లేదు, పని తెలిసి ఉండవలసిన అవసరమూ లేదు. అటువంటి పనివల్ల రోడ్డు ఎలా ఉంటుందో ఊహించవచ్చును.

1663 నుండి మరొక ఏర్పాటు మొదలైనది. పార్లమెంటు అనుమతితో స్థానిక పెద్దలు ట్రస్టుగా ఏర్పడి, ఒక రోడ్డును తీసుకొని, గేటు పెట్టి సుంకము వసూలు చేసి, ఆ డబ్బుతో రోడ్డును బాగు చేయాలి. వీటినే టర్న్‌పైక్ ట్రస్టులు అంటారు. 1830ల నాటికి ఇంగ్లండు, వేల్సులలో ఇటువంటివి వెయ్యికి పైగా ఉండేవి. ఒక్కొక్కటి కొద్ది మైళ్ల రోడ్డుకే పరిమితము. గేట్ల దగ్గర సుంకము బాగానే వసూలు అయ్యేది. రోడ్డు మాత్రము బాగుపడేది కాదు. అప్పులపై వడ్డీలకు, గుత్తేదారులకు, ఉద్యోగుల చేతివాటానికి పోగా మిగిలినది గుంతలలో రాళ్లు పోయడానికి కూడా చాలేది కాదు.

రోడ్డు చెడిపోతే తప్పు బండిదని అనడము ఆనాటి అలవాటు. చక్రాలు ఎంత వెడల్పు ఉండాలి, ఎన్ని గుర్రాలు కట్టాలి, ఎంత బరువు వేయాలి అని చట్టాలు చేశారు. 1753 నాటి చట్టము తొమ్మిది అంగుళాల వెడల్పు చక్రాలను ప్రోత్సహించింది. బండ్లను రోడ్డుకు తగినట్లు మార్చడము కాదు, తిరిగే బండ్లకు తగినట్లు రోడ్డును వేయాలి అని మెకాడం వాదించాడు. ఈయన సిద్ధాంతమంతా ఈ ఒక్క మార్పు నుండి బయలుదేరినదే.

నిర్మాణ పద్ధతి

మెకాడం ఆలోచన ప్రకారము బరువును మోసేది రోడ్డు మీది రాయి కాదు, దాని కింద ఉన్న సహజమైన నేల. ఆ నేల పొడిగా ఉన్నంతకాలము ఎంత బరువునైనా మోస్తుంది. తడిసినప్పుడే కుంగుతుంది. కాబట్టి పైన వేసే రాతి పొర నేలకు కప్పు వంటిది. ఇంటి కప్పు వాన నుండి ఇంటిని కాపాడినట్లు, రాతి పొర నేలను తడవకుండా కాపాడాలి.

అంతకు ముందు ఫ్రాన్సులో త్రెసగే (1716-1796), బ్రిటన్‌లో మెకాడం సమకాలికుడైన థామస్ టెల్‌ఫోర్డ్ (1757-1834) అడుగున పెద్ద పెద్ద బండలను చేతితో పేర్చి, వాటిపై చిన్న రాళ్లు పోసేవారు. ఇల్లు కట్టేవాడు పునాది వేసినట్లే రోడ్డుకు కూడా పునాది కావాలనేది వారి అభిప్రాయము. టెల్‌ఫోర్డ్ రోడ్లు గట్టివే, కాని ఖర్చు ఎక్కువ. మెకాడం ఆ బండల పునాది అక్కర లేదన్నాడు. పెద్ద రాళ్ల మధ్య ఖాళీలలో నీరు చేరుతుంది. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి రోడ్డును లేపుతుంది. బండి చక్రము తగిలినప్పుడు పెద్ద రాయి ఒకవైపు ఒరిగి పక్క రాళ్లను కదిలిస్తుంది. ఇది ఈయన వాదన.

ఈయన పద్ధతిలో మొదట రోడ్డు మార్గమును చుట్టుపక్కల నీటిమట్టము కంటె ఎత్తుగా ఉంచాలి. అది వీలుకాకపోతే పక్కన కాలువలు తవ్వి నీటిమట్టమునే దించాలి. రోడ్డు నడిమిభాగము అంచుల కంటె కొంచెమే ఎత్తు ఉండాలి. 30 అడుగుల వెడల్పు రోడ్డుకు మూడు అంగుళాల ఎత్తు చాలు. మరీ వాలుగా ఉంటే బండ్లన్నీ నడి భాగమునే పట్టుకొని పోయి గాడులు పడతాయి. ఆ నేలపై మొత్తము పది అంగుళాల మందమున పగులగొట్టిన రాయిని విడతలు విడతలుగా పరచాలి. ఏ రాయి కూడా ఆరు ఔన్సుల (సుమారు 170 గ్రాముల) కంటె ఎక్కువ తూగకూడదు. పనివారి వద్ద చిన్న త్రాసు ఉంచి అనుమానము వచ్చిన రాయిని తూచేవారు. త్రాసు లేనిచోట మేస్త్రీ రాయిని నోట పెట్టి చూసేవాడనే వేళాకోళపు కథ కూడా ప్రచారంలో ఉన్నది.

అంత చిన్న రాయే ఎందుకంటే, చక్రము నేలను తాకే భాగము చాలా తక్కువ. రాయి అంతకంటె పెద్దదైతే చక్రము దాని ఒక మూలను తొక్కి లేపుతుంది. చిన్నదైతే కిందికి అదుముతుంది. రాయికి పదునైన అంచులు ఉండాలి, ఏటి గులకరాయి వలె గుండ్రంగా ఉండరాదు. అంచులు ఒకదానితో ఒకటి కరచుకొని, బండ్లు తిరిగిన కొద్దీ ఆ పొర పలకవలె బిగుసుకుంటుంది. మట్టి, సున్నపు పొడి వంటి నీటిని పీల్చే పదార్థము ఏదీ కలపరాదని ఈయన పట్టుపట్టాడు. రోలరు లేదు, నీళ్లు చల్లడము లేదు. తొలి రోజులలో పడే చక్రాల గాడులను పనివారు ఎప్పటికప్పుడు గోరుపారతో సర్దుతూ ఉండేవారు.

రాయిని ఎండుటేరు నుండి తీసి ఎలా ఉన్నదానిని అలాగే పోయడము కాక, మనిషి కూర్చొని చిన్న సుత్తితో కొట్టాలి. నిలబడి పెద్ద సమ్మెటతో కొట్టే పని బలమైన మగవారికే వీలు. కూర్చొని కొట్టే పనికి స్త్రీలు, వృద్ధులు, పిల్లలు కూడా వచ్చారు. కొట్టిన కొలతను బట్టి కూలి. నెపోలియన్ యుద్ధాలు ముగిసి పని దొరకని ఆ రోజులలో ఇది అనేక పేద కుటుంబాలకు అన్నము పెట్టింది. అదే సమయములో పిల్లల చేత రాళ్లు కొట్టించే దురాచారానికీ దారి తీసింది. తరువాతి కాలములో అనాథ శరణాలయాలలోను, జైళ్లలోను రాళ్లు కొట్టించడము శిక్షగా మారింది. మెకాడంను ప్రశంసించేవారు ఈ సంగతిని సాధారణంగా విడిచిపెడుతుంటారు.

బ్రిస్టల్ ట్రస్టు - రోడ్ల నిర్వహణ

1816లో బ్రిస్టల్ టర్న్‌పైక్ ట్రస్టు తన రోడ్ల సర్వేయరుగా మెకాడంను నియమించింది. అప్పటికి ఈయనకు అరవై ఏళ్లు. దేశములోని పెద్ద ట్రస్టులలో అది ఒకటి. అప్పులలో ఉన్నది, రోడ్లు అధ్వాన్నముగా ఉన్నవి.

ఈయన మొదట కొత్త రాయి కొనలేదు. పాత రోడ్డునే నాలుగు అంగుళాల లోతున తవ్వించి, అందులోని పెద్ద రాళ్లను బయటికి తీయించి, అక్కడే పక్కన కొట్టించి, మట్టిని వేరు చేసి, తిరిగి పరిపించాడు. రోడ్డు మొత్తము ఒకేసారి తవ్వకుండా కొద్ది గజాలు చొప్పున ముందుకు సాగడము వలన రాకపోకలు నిలిచిపోలేదు. చాలా రోడ్లలో రాయి తక్కువై కాదు, ఎక్కువై, క్రమము లేక చెడినదని ఈయన గ్రహించాడు. రాయి ఖర్చు తగ్గి, ఆ డబ్బు కూలికి మళ్లింది. అదే రాబడితో రోడ్లు బాగుపడ్డాయి, ట్రస్టు అప్పులు తీరడము మొదలైనది. ఈ వార్త విని ఇతర ట్రస్టులు సలహాకు రాసాగాయి. రెండు మూడేళ్లలోనే ముప్పైకి పైగా ట్రస్టులు ఈయన సలహా తీసుకున్నాయి.

రోడ్ల పరిపాలనపై ఈయన అభిప్రాయాలు ఆనాటికి కొత్తవి. రోడ్ల సర్వేయరు చదువుకున్నవాడు, పనిలో తర్ఫీదు పొందినవాడు అయి ఉండాలి; లంచానికి ఆశపడనవసరము లేనంత జీతము ఇవ్వాలి; వేరే వ్యాపకము ఉండరాదు. ప్రతి రోడ్డు ఖర్చు లెక్క విడిగా ఉంచాలి. చిన్న ట్రస్టులను కలిపి పెద్దవిగా చేయాలి. గ్రామస్థుల వెట్టిపనిని తీసివేసి, కూలి ఇచ్చి కొలత ప్రకారము పని చేయించాలి. అన్నిటికంటె ముఖ్యమైనది, మరమ్మతు అనేది రోడ్డు పాడైన తరువాత చేసేది కాదు, ఎల్లప్పుడు జరుగుతూ ఉండవలసినది. గుంత పడిన రోజున ఒక తట్ట రాయితో పోయే పని ఏడాది ఆగితే బండెడు రాయితో కూడా పోదు.

ఈ విషయాలను 1816లోను, 1819లోను పుస్తకాలుగా ప్రచురించాడు. ఆ పుస్తకాలు చాలాసార్లు పునర్ముద్రణ పొందాయి. 1819, 1823 సంవత్సరాలలో పార్లమెంటు సంఘాల ముందు సాక్ష్యమిచ్చాడు. సంఘాలు ఈయన పద్ధతిని సమర్థించాయి. గ్రామస్థుల వెట్టిపనిని 1835 నాటి రహదారుల చట్టము రద్దు చేసింది. లండను నగరానికి ఉత్తరాన ఉన్న పలు చిన్న ట్రస్టులు 1826లో ఒకే కమిషను కిందికి వచ్చాయి.

ఫలితము ప్రయాణికులకు ప్రత్యక్షముగా కనిపించినది. 1784లో బ్రిస్టల్ నుండి లండనుకు తపాలా బండి దాదాపు 16 గంటలలో చేరితే అది గొప్పగా చెప్పుకున్నారు. 1830లలో ఆ ప్రయాణము సుమారు 12 గంటలకు తగ్గింది. గుర్రము మారలేదు, బండి కొంత మారింది, రోడ్డు చాలా మారింది.

విమర్శలు

మెకాడంకు విరోధులు తక్కువేమీ కాదు. ఈయన కుమారులు విలియం, జేమ్స్, లౌడన్ ముగ్గురూ, ఆ తరువాత మనుమలు కూడా రోడ్ల సర్వేయర్లుగా పని చేశారు. ఒకే కుటుంబము అనేక ట్రస్టుల పదవులను ఆక్రమించినదని పత్రికలు ఎత్తిపొడిచాయి. ఆ విమర్శలో నిజము ఉన్నది. అయితే పద్ధతి తెలిసినవారు అప్పటికి వేరే ఎక్కువమంది లేరన్నది కూడా నిజమే. సొంత ఖర్చులు తిరిగి ఇప్పించవలసినదిగా ప్రభుత్వాన్ని కోరినప్పుడు, పార్లమెంటు చర్చల తరువాత కొంత సొమ్ము మంజూరు చేసింది. కంకర రోడ్డును ఈయన కొత్తగా కనిపెట్టలేదని టెల్‌ఫోర్డ్ పక్షము వారు వాదించారు. ఇదీ కొంతవరకు సరైనదే. రాయి పగులగొట్టి రోడ్డు వేయడము అంతకు ముందే ఉన్నది. పునాది బండలను తీసివేసి, రాయి పరిమాణానికి కొలత పెట్టి, పని ఖర్చును సామాన్యమైన ట్రస్టుకు అందుబాటులోకి తెచ్చినవాడు మాత్రము మెకాడమే.

లండను వీథులలో బండరాళ్ల పరుపు తీసివేసి కంకర వేసినప్పుడు చప్పుడు తగ్గింది కాని, ఎండాకాలములో దుమ్ము, వానాకాలములో బురద దుకాణదారులను విసిగించాయి. నగరపు రద్దీకి ఈ పద్ధతి పూర్తిగా సరిపోలేదు.

చివరి దశ

మొదటి భార్య గ్లోరియానా 1825లో మరణించగా, 1827లో డెబ్బై ఏళ్ల వయసులో ఆన్ షార్లెట్ డిలాన్సీని వివాహమాడాడు. లండనుకు ఉత్తరాన ఉన్న హాడ్స్‌డన్‌లో నివాసము. 1834లో నైట్ బిరుదు ఇవ్వజూపగా వయోభారము కారణముగా వద్దన్నాడు. ఆ బిరుదు కుమారుడు జేమ్స్‌కు లభించినది. ఏటా వేసవిలో స్కాట్లాండు వెళ్లి రావడము ఈయనకు అలవాటు. 1836లో అలా తిరిగి వస్తూ దారిలో మోఫట్ అనే ఊరిలో నవంబరు 26న మరణించాడు. అక్కడే తన నాయనమ్మ సమాధి చెంత ఖననము చేశారు.

తరువాతి మార్పులు

అమెరికాలో మెకాడం పద్ధతిలో తొలి రోడ్డును 1823లో మేరీల్యాండ్ రాష్ట్రములో హేగర్స్‌టౌన్, బూన్స్‌బరో మధ్య వేశారు. 19వ శతాబ్ది మధ్యలో రాళ్లు పగులగొట్టే యంత్రము, ఆవిరి రోలరు వచ్చాయి. రాతి పొరపై సన్నని పొడి వేసి నీళ్లు చల్లి రోలరుతో అణచే పద్ధతి వాటర్ బౌండ్ మెకాడం. నీటిని దూరముగా ఉంచమన్నవాని పేరే నీళ్లు పోసి వేసే రోడ్డుకు రావడము గమనించదగినది. మోటారు కార్లు వచ్చిన తరువాత రబ్బరు చక్రము ఆ సన్నని పొడిని పీల్చి దుమ్ముగా లేపడంతో కంకర విడిపోసాగింది. 1902లో ఎడ్గర్ పర్నెల్ హూలీ తారును కంకరతో కలిపే పద్ధతికి పేటెంటు పొందాడు. టార్‌మాక్ అనే పేరు అలా పుట్టినది.

అడుగు నేల బలాన్ని కొలిచే పరీక్ష 1920ల చివరలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర రహదారుల శాఖలో రూపొందినది. దీనిని సి.బి.ఆర్. పరీక్ష అంటారు. నేల నమూనాను నాలుగు రోజులు నీటిలో నానబెట్టి, 50 మిల్లీమీటర్ల వ్యాసము గల కడ్డీని దానిలోకి నొక్కుతారు. 2.5 మిల్లీమీటర్లు దిగడానికి ఎంత బరువు కావలసి వచ్చినదో చూస్తారు. పగులగొట్టిన కంకరకు ఇది 1,370 కిలోలు. దానిని 100గా తీసుకొని నేల బలాన్ని శాతముగా చెబుతారు. నానిన నేలను కంకరతో పోల్చే ఈ పరీక్షలో మెకాడం సిద్ధాంతము అంకెల రూపము దాల్చినది.

ఈయన ఊహించనిది ఇరుసు బరువు ప్రభావము. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో జరిగిన ఆషో రోడ్డు పరీక్షలో, ఇరుసు బరువు రెట్టింపు అయితే రోడ్డుకు కలిగే నష్టము సుమారు పదహారు రెట్లు అవుతుందని తేలినది. బండిని తప్పుపట్టవద్దన్న మెకాడం మాటకు ఇది ఒక సవరణ వంటిది. అధిక లోడు లారీల విషయములో పాత చట్టాల వారి భయము పూర్తిగా నిరాధారము కాదు.

తెలుగు నేలపై మెకాడం పద్ధతి

భారతదేశములో కంకర రోడ్లు 19వ శతాబ్దిలో వ్యాపించాయి. ఉత్తర భారతములో కంకర్ అంటే నేలలో దొరికే సున్నపురాతి గడ్డలు. గ్రాండ్ ట్రంకు రోడ్డుకు వాటినే వాడారు. తెలుగులో ఆ మాట పగులగొట్టిన ఏ రాయికైనా చెల్లుతుంది. మెటల్ రోడ్డు అన్నప్పటి మెటల్ కూడా కంకరయే, లోహము కాదు. 1927లో నియమితమైన జయకర్ కమిటీ, దాని సిఫారసుల పర్యవసానముగా 1929లో ఏర్పడిన కేంద్ర రోడ్డు నిధి, 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ భారతీయ రోడ్ల నిర్మాణాన్ని ఒక క్రమములోకి తెచ్చాయి. తారు రోడ్ల పొరల మందము నిర్ణయించడానికి ఆ సంస్థ 1970లో వెలువరించిన 37వ సంఖ్య గల ప్రమాణము 2001, 2012, 2018 సంవత్సరాలలో ముఖ్యమైన మార్పులు పొందినది.

పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతము ఈ సిద్ధాంతానికి మంచి ఉదాహరణ. 2016 అక్టోబరు 11 నుండి మొదటి రెండు పట్టణాలు జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. కోరుట్ల, జగిత్యాల పట్టణాలు నిజామాబాదు నుండి ఛత్తీస్‌గఢ్‌లోని జగ్దల్‌పూర్ వైపు సాగే 63వ జాతీయ రహదారిపై ఉన్నవి. 2010కి ముందు దీని సంఖ్య 16. సిరిసిల్ల నుండి వేములవాడ, రుద్రంగి, కథలాపూర్‌ల మీదుగా కోరుట్లకు రోడ్డు ఉన్నది. వరి ధాన్యపు లారీలు, చల్‌గల్ మార్కెట్టుకు వచ్చే మామిడి బండ్లు, సిరిసిల్ల మరమగ్గాల నూలు, బట్టల మూటలు, వేములవాడ, కొండగట్టు, ధర్మపురి యాత్రికుల బస్సులు ఈ రోడ్ల మీదనే నడుస్తాయి.

ఇక్కడ ఎర్రచల్క నేలలు, నల్లరేగడి నేలలు రెండూ ఉన్నవి. రేగడి ఎండినప్పుడు రాయిలా బిగుస్తుంది, పగుళ్లు ఇస్తుంది. నానినప్పుడు ఉబ్బి మెత్తబడుతుంది. నానిన రేగడికి సి.బి.ఆర్. విలువ తరచుగా రెండు మూడు శాతము మాత్రమే. చల్క నేల, మొరము దీనికంటె చాలా మేలు. అందువలన ఒకే రోడ్డు రెండు రకాల నేలల మీదుగా పోయేటప్పుడు రెండు చోట్లా ఒకే మందము వేస్తే ఒకచోట డబ్బు వృథా, మరొకచోట రోడ్డు వృథా. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ ద్వారా నీరు వచ్చిన తరువాత రోడ్డుకు ఇరువైపులా వరి మళ్లు విస్తరించాయి. రైతుకు అది వరము. రోడ్డు అడుగు నేలకు మాత్రము నెలల తరబడి జాలు. పొలము గట్టు రోడ్డు అంచు వరకు జరిగి పక్క కాలువ పూడిపోయిన చోట, తారు పొర ఎంత మందముగా వేసినా నిలువదు. పట్టణాలలో మోరీలు పూడినప్పుడు పరిస్థితి ఇంకా కష్టము. 2021 సెప్టెంబరులో కురిసిన భారీ వర్షాలకు సిరిసిల్ల వీథులు నీట మునిగాయి.

మరమ్మతు విషయములో కూడా మెకాడం లెక్కల పద్ధతికి ఆధునిక రూపాలు ఉన్నవి. ప్రతి రోడ్డుకు పొడవు, పొరల చరిత్ర, రాకపోకల సంఖ్య నమోదు చేస్తారు. ఉపరితలము ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నదో వాహనానికి అమర్చిన పరికరముతో కొలుస్తారు. బరువు వేసినప్పుడు రోడ్డు ఎంత వంగినదో బెంకెల్‌మన్ దూలముతో గాని, బరువును జారవిడిచే యంత్రముతో గాని చూస్తారు. ఉన్న నిధులతో ముందు ఏ రోడ్డును ముట్టుకోవాలో నిర్ణయించడానికి ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యములో మొదలై అభివృద్ధి చెందిన హెచ్.డి.ఎం.-4 వంటి కంప్యూటరు ప్రోగ్రాములు వాడుతారు. ఇవి చెప్పే సంగతి ఒకటున్నది: పూర్తిగా పాడైన రోడ్డును తిరిగి వేయడము కంటె, కొద్దిగా పాడవుతున్న రోడ్డుపై సకాలములో పలుచని పొర వేయడము చౌక. ప్రజలకు మాత్రము గుంతలు పడిన రోడ్డును వదిలి బాగున్న రోడ్డుకు ఖర్చు పెట్టడము అన్యాయముగా తోస్తుంది. బ్రిస్టల్ ట్రస్టీలకు కూడా పాత రోడ్డును తవ్వి అదే రాయిని మళ్లీ వేయడము మొదట వింతగానే తోచి ఉండాలి.

ఇతర విశేషాలు

మెకాడమైజ్ అనే క్రియాపదము ఈయన జీవించి ఉండగానే ఇంగ్లీషు భాషలో వాడుకలోకి వచ్చినది.

విమానాశ్రయాలలో విమానాలు నిలిపే స్థలాన్ని అది కాంక్రీటుతో కట్టినదైనా టార్‌మాక్ అని పిలవడము వాడుక.

మెకడేమియా అనే గింజకు ఈ జాన్ మెకాడంతో సంబంధము లేదు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ మెకాడం (1827-1865) పేరు మీద వృక్షశాస్త్రవేత్త ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ 1857లో ఆ చెట్టుకు పేరు పెట్టాడు.